వెండి పరమాణువు ఒకలా, వెండి ముక్క ఇంకోలా: మూలకాల్లో డయామాగ్నెటిజం

మెకానికల్ పెన్సిల్లో వేసే సన్నటి లెడ్ ఒకటి తీసుకోండి, 0.5 మిల్లీమీటర్లది చాలు, దానికి సరిగ్గా మధ్యలో సన్న దారం కట్టి గాలి తగలని చోట వేలాడదీయండి. ఫ్యాన్ ఆపేయండి. ఊగడం, తిరగడం పూర్తిగా ఆగేదాకా ఓపిక పట్టి, అప్పుడు ఒక గట్టి నియోడైమియం మాగ్నెట్‌ని లెడ్ కొసకి తగలకుండా బాగా దగ్గరగా తీసుకెళ్లండి. ముందు ఏమీ జరగనట్టే ఉంటుంది, రెండు మూడు సెకన్లు పోయాక ఆ కొస మెల్లగా పక్కకి జరుగుతుంది, మాగ్నెట్ వైపు కాదు, దూరంగా. దారం మెలిక వల్లేమో అని అనుమానం వస్తుంది కాబట్టి మాగ్నెట్‌ని అవతలి వైపు నుంచి పెట్టి చూడండి, ఈసారి ఇటు జరుగుతుంది. మాగ్నెట్‌ని తిప్పేసి రెండో ధ్రువం పెట్టండి, అప్పుడూ దూరంగానే పోతుంది. ఉత్తరం దక్షిణం అన్న తేడా దానికి లేదు, ఏ ధ్రువం చూపించినా తప్పుకోవడమే. నేను మొదటిసారి ఇది చూసినప్పుడు చాలాసేపు ఆపలేదు, అటు ఇటు మార్చి మార్చి చూస్తూనే ఉన్నాను, ఎందుకంటే అంతవరకు నాకు తెలిసిన అయస్కాంతం అంటే లాగేదీ, లేదంటే ఇంకో అయస్కాంతాన్ని నెట్టేదీ, అంతే.

ఇదే డయామాగ్నెటిజం. బయటనుంచి అయస్కాంత క్షేత్రం పెట్టినప్పుడు పదార్థం దానికి ఎదురు దిశలో కొంచెం అయస్కాంతత్వం తెచ్చుకుంటుంది, అందుకే క్షేత్రం ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకి జరుగుతుంది. ఇంకో ముఖ్యమైన మాట, ఈ గుణం ప్రతి పదార్థంలోనూ ఉంటుంది, ఇనుములో కూడా ఉంటుంది, కాకపోతే చాలా చిన్నది కాబట్టి దానికన్నా బలమైనది ఇంకోటి ఉంటే కింద మునిగిపోతుంది. మనం ఒక మూలకాన్ని డయామాగ్నెటిక్ అంటున్నామంటే దాని అర్థం "ఇందులో డయా గుణం ఉంది" అని కాదు, "ఇందులో డయా గుణమే గెలిచింది" అని. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా గందరగోళం చాలావరకు విడిపోతుంది.

ఎంత చిన్నదో కూడా చూద్దాం. నీటికి ఈ విలువ, అంటే ససెప్టిబిలిటీ, సుమారు మైనస్ 9 × 10⁻⁶, అంటే బయట క్షేత్రం పది లక్షల పాళ్లు ఉంటే నీరు దానికి ఎదురుగా తెచ్చుకునేది 9 పాళ్లు. మామూలు మూలకాల్లో అందరికన్నా ముందుండే బిస్మత్‌కి మైనస్ 1.66 × 10⁻⁴, అంటే పది లక్షలకి 166. ఇనుము వైపు చూస్తే అది వేల రెట్లలో లాగుతుంది, ఇక్కడ మనం మాట్లాడుకునేది లక్షల వంతుల్లో. అందుకే ఈ విషయాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు, 1778లో బ్రుగ్మాన్స్ బిస్మత్ మాగ్నెట్‌కి దూరంగా జరగడం గమనించినా అది ఒక వింతగానే మిగిలిపోయింది, 1845లో మైకేల్ ఫారడే ఒక బరువైన సీసపు గాజు ముక్కని బలమైన విద్యుదయస్కాంతం మధ్య వేలాడదీసి, అది కూడా వికర్షణకి గురవుతోందని చూసి, ఆపైన చేతికందిన పదార్థాలన్నీ పరీక్షించి, ఇది ఏదో ఒకటి రెండు లోహాల లక్షణం కాదు అందరిలోనూ ఉన్న గుణమే అని తేల్చాడు. డయామాగ్నెటిక్ అన్న పేరు కూడా ఆయన వాడకంలోంచే వచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకి వద్దాం. కెమిస్ట్రీ పుస్తకాల్లో ఒక సూత్రం అందరం బట్టీ పట్టి ఉంటాం: ఎలక్ట్రాన్లన్నీ జతలుగా ఉంటే డయామాగ్నెటిక్, ఒక్కటైనా ఒంటరి ఎలక్ట్రాన్ ఉంటే పారామాగ్నెటిక్, అంటే మాగ్నెట్ వైపు కొంచెంగా లాగబడేది. సూత్రం తప్పేమీ కాదు. కానీ చాలామంది దీన్ని పట్టుకుని పీరియాడిక్ టేబుల్ ముందు పెట్టుకుని, ఒక్కో మూలకం ఎలక్ట్రాన్ విన్యాసం రాసి, ఒంటరి ఉందా లేదా చూసి, ఇది డయా ఇది పారా అని గుర్తులు పెట్టేస్తుంటారు, ఆన్సర్ కీలు కూడా అలాంటివి కనిపిస్తుంటాయి, అక్కడే నాకు బాధ. ఆ పద్ధతిలో మెగ్నీషియం డయా రావాలి, 12 ఎలక్ట్రాన్లూ జతలే కదా. కాల్షియం కూడా అంతే. నిజంగా లోహం ముక్కని కొలిస్తే రెండూ పారామాగ్నెటిక్. రాగికి చివర ఒక ఒంటరి ఎలక్ట్రాన్ ఉంది, వెండికీ బంగారానికీ ఉంది, గాలియం, ఇండియం, థాలియం, బోరాన్, వీటన్నిటికీ బేసి సంఖ్యలోనే ఎలక్ట్రాన్లు ఉన్నాయి, సూత్రం ప్రకారం ఇవన్నీ పారా కావాలి. కొలిస్తే అన్నీ డయామాగ్నెటిక్కే!

తప్పు ఎక్కడంటే, ఆ విన్యాసం ఒంటరిగా గాల్లో తేలే ఒక పరమాణువుది. మన చేతిలో ఉండేది పరమాణువు కాదు, కోట్లకొద్దీ పరమాణువులు కలిసి కట్టిన పదార్థం. కలిసినప్పుడు బయటి ఎలక్ట్రాన్ల కాపురం మొత్తం మారిపోతుంది.

దీనికి వెండి కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. 1922లో స్టెర్న్, గెర్లాక్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో వెండిని కొలిమిలో ఆవిరి చేసి, ఆ పరమాణువుల్ని సన్నటి కిరణంలా, ఒకవైపు బలంగా ఇంకోవైపు బలహీనంగా ఉండే అయస్కాంత క్షేత్రం గుండా పంపి, అవతల గాజు పలక మీద పడేలా చేశారు. ఒక్క గీతగా పడాల్సిన వెండి రెండుగా చీలి పడింది. ప్రతి వెండి పరమాణువూ ఒక బుల్లి అయస్కాంతంలా ప్రవర్తించిందన్నమాట, కారణం దానిలో 47వ ఎలక్ట్రాన్, జత లేనిది, దాని స్పిన్, అంటే ఎలక్ట్రాన్‌కి పుట్టుకతోనే ఉండే బుల్లి అయస్కాంత గుణం. అదే వెండిని ముద్దగా చేసి తక్కెడలో పెట్టి మాగ్నెట్ చూపిస్తే దూరంగా జరుగుతుంది, డయామాగ్నెటిక్. మూలకం ఒకటే, ఎలక్ట్రాన్ల సంఖ్య ఒకటే, జవాబు మాత్రం రెండు.

ముద్దలో ఏం జరిగింది అంటే, ఆ చివరి ఎలక్ట్రాన్లు ఒక్కో పరమాణువుకి అంటిపెట్టుకుని ఉండకుండా లోహం అంతటికీ ఉమ్మడి ఆస్తి అయిపోయాయి. ఉమ్మడిగా ఉన్నా వాటికి నియమం ఒకటే, ఒక శక్తి స్థాయిలో రెండే, అదీ ఎదురెదురు స్పిన్‌తో. కాబట్టి కింద నుంచి జతలు జతలుగా నింపుకుంటూ పైకి వస్తాయి. బయట క్షేత్రం వచ్చినప్పుడు కింద ఉన్నది స్పిన్ తిప్పుకోవాలన్నా పక్కన ఖాళీ ఉండదు, అన్నీ నిండే ఉంటాయి, తిప్పుకోగలిగేవి ఆ నిండిన మట్టం పైఅంచున ఉన్న కొద్దిపాటి ఎలక్ట్రాన్లు మాత్రమే. వెండిలో ఆ మట్టం ఎత్తు సుమారు 5.5 ఎలక్ట్రాన్ వోల్టులు, గది ఉష్ణోగ్రత ఇవ్వగలిగే శక్తి 0.025 దగ్గర, అంటే కదిలే అవకాశం ఉన్నవి వందలో ఒకటి కూడా కాదు. ఒంటరి పరమాణువులో నూటికి నూరు పాళ్లు ఉన్న స్పిన్ బలం లోహంలో ఇలా నలిగిపోయి చిన్న పారా ముక్కగా మిగులుతుంది. దీన్నే పౌలి పారామాగ్నెటిజం అంటారు.

అలా మిగిలిన చిన్న పారా ముక్కకి ఎదురుగా రెండు డయా ముక్కలు నిలబడతాయి. ఒకటి, లోపలి షెల్స్‌లో నిండుగా ఉన్న ఎలక్ట్రాన్ల డయా గుణం, దీన్ని కోర్ అందాం. రెండోది, ఆ ఉమ్మడి ఎలక్ట్రాన్లే క్షేత్రంలో మెలి తిరగడం వల్ల వచ్చేది, 1930లో లాండౌ లెక్కగట్టి చూపించింది, పూర్తిగా స్వేచ్ఛగా ఉన్న ఎలక్ట్రాన్లయితే ఇది పౌలి ముక్కలో సరిగ్గా మూడో వంతు ఉంటుంది. లోహం డయానా పారానా అన్నది ఈ మూడింటి మధ్య కుస్తీ.

అంకెలతో చూస్తేనే ఇది బుర్రకెక్కుతుంది. ఒక మోల్ పదార్థానికి సీజీఎస్ పద్ధతిలో, పదిలక్షల వంతుల లెక్కలో చెప్తాను, యూనిట్ గురించి బెంగ పడకండి, ఒకదానితో ఒకటి పోల్చుకోవడమే మన పని. సోడియం లోహం మొత్తం విలువ ప్లస్ 16. దాని కోర్, అంటే సోడియం అయాన్, మైనస్ 5 నుంచి 7 మధ్య. అంటే ఉమ్మడి ఎలక్ట్రాన్లు ప్లస్ 20కి పైగా తెచ్చాయి, కోర్ తేలిగ్గా ఓడిపోయింది. రాగి చూడండి, లోహం మొత్తం మైనస్ 5.5, అయాన్ సుమారు మైనస్ 12, ఉమ్మడి ఎలక్ట్రాన్లు తెచ్చింది ప్లస్ 6 లేదా 7 మాత్రమే. రెండూ పరమాణువుకి ఒక్కో ఎలక్ట్రాన్ ఇచ్చేవే, మరి అంత తేడా ఎందుకు? రాగిలో పరమాణువులు బాగా దగ్గర దగ్గరగా ఇరుక్కుని ఉంటాయి, అందుకని ఎలక్ట్రాన్ల మట్టం ఎత్తు 7 ఎలక్ట్రాన్ వోల్టులు, సోడియంలో 3.2, పొటాషియంలో 2.1. మట్టం ఎంత ఎత్తుకి సాగితే పైఅంచున ఉండే వాటి వాటా అంత తగ్గుతుంది, పారా ముక్క చిక్కిపోతుంది. పైగా రాగి కోర్‌లో పది డి-ఎలక్ట్రాన్లు నిండుగా ఉన్నాయి, అంటే డయా ముక్క పెరిగింది. ఇటు తగ్గి అటు పెరిగి తక్కెడ తిరగబడింది. వెండి మైనస్ 19.5, బంగారం మైనస్ 28, కోర్ పెద్దదయ్యేకొద్దీ ఇంకా కిందకి. పక్క వరసలో జింక్ మైనస్ 9, కాడ్మియం దగ్గర దగ్గర మైనస్ 20, పాదరసం మైనస్ 33, అదే కథ.

మెగ్నీషియంలో కోర్ మైనస్ 5 దగ్గర ఉంటే ఉమ్మడి ఎలక్ట్రాన్లు దాన్ని దాటేసి మొత్తం ప్లస్ 13కి తెచ్చాయి. పరమాణువులో ఉన్న ఆ జత లోహంలోకి వచ్చాక అసలు జతగా లేదు, ఉమ్మడి సముద్రంలో కలిసిపోయింది. దాని పైనున్న బెరీలియం మాత్రం మైనస్ 9, దాని కోర్ చూస్తే చాలా చిన్నది, మైనస్ ఒకటి కూడా రాదు, అంటే అక్కడ గెలిపించింది కోర్ కాదు, ఉమ్మడి ఎలక్ట్రాన్ల మెలి తిరుగుడే, మూడో వంతు అన్న లెక్కని అది దాటేసింది. ఒకే గ్రూపులో పైదీ కిందదీ ఎదురెదురుగా ఉండటం చూస్తే, గ్రూపు నంబర్ చూసి జవాబు చెప్పేసే అలవాటు ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

అయినా టేబుల్‌ని మొత్తంగా దూరం నుంచి చూస్తే ఒక ఆకారం కనిపిస్తుంది, డయా మూలకాలు ఎక్కువగా కుడివైపు గుమిగూడి ఉంటాయి, రాగి వరస నుంచి మొదలై జడవాయువుల దాకా. ఎడమవైపు, మధ్యలో పారా. ఇనుము, కోబాల్ట్, నికెల్ ఫెర్రో, అంటే మాగ్నెట్ గట్టిగా లాగేవి, గాడోలినియం కూడా సుమారు 20 డిగ్రీల సెల్సియస్ దాకా ఫెర్రోనే. కుడివైపు గుంపులో ఇమడనివి అల్యూమినియం, ఆక్సిజన్, తెల్ల తగరం, ఎడమవైపు గుంపులో ఇమడనివి హైడ్రోజన్, బెరీలియం.

జడవాయువుల్లో ఏ కుస్తీ లేదు, అందుకే అవి చూడ్డానికి శుభ్రంగా ఉంటాయి. హీలియం మైనస్ 2, నియాన్ మైనస్ 7, ఆర్గాన్ మైనస్ 19, క్రిప్టాన్ మైనస్ 29, జెనాన్ మైనస్ 45. 1905లో లాంజెవిన్ ఇచ్చిన లెక్క ప్రకారం ఒక్కో ఎలక్ట్రాన్ ఇచ్చే డయా వాటా అది కేంద్రకం నుంచి ఉన్న సగటు దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది, దూరం రెట్టింపైతే వాటా నాలుగింతలు. అందుకే లోపల నక్కి ఉన్న ఎలక్ట్రాన్లు ఎన్నున్నా పెద్దగా లెక్కలోకి రావు, బయటి షెల్‌లో తిరిగేవే పని చేస్తాయి. ఇందులో వేడి ప్రస్తావనే లేదని గమనించండి, ఒంటరి ఎలక్ట్రాన్ల వల్ల వచ్చే పారా గుణం చల్లబరిస్తే పెరుగుతుంది, డయా గుణం మాత్రం దాదాపు కదలదు, 1895లో పియెర్ క్యూరీ ఈ తేడా కొలిచి చూపించాడు, అప్పుడే బిస్మత్ ఆ నియమానికి లొంగట్లేదని కూడా గమనించాడు. దాని దగ్గరకి వస్తాను.

గాలిలో ఉండే రెండు వాయువుల సంగతి క్లుప్తంగా. నైట్రోజన్ పరమాణువుకి మూడు ఒంటరి ఎలక్ట్రాన్లు, రెండు కలిసి అణువు అయితే మూడు బంధాల్లో అన్నీ జతపడిపోతాయి, డయా, మైనస్ 12. ఆక్సిజన్ అణువులో మాత్రం బంధాలు ఏర్పడ్డాక కూడా రెండు ఎలక్ట్రాన్లు చెరో ఆర్బిటాల్‌లో విడివిడిగా ఒకే స్పిన్‌తో ఉండిపోతాయి, విలువ గది ఉష్ణోగ్రత దగ్గర ప్లస్ 3449! ద్రవ ఆక్సిజన్‌ని గట్టి మాగ్నెట్ రెండు ధ్రువాల మధ్య పోస్తే లేత నీలం రంగులో అక్కడే వంతెనలా అతుక్కుని మరుగుతూ ఉంటుంది, ద్రవ నైట్రోజన్ పోస్తే కిందకి జారిపోతుంది.

తగరం సంగతి నాకు చాలా ఇష్టం. మామూలుగా మనం చూసే తెల్ల తగరం ప్లస్ 3, బొటాబొటీగా పారా. స్వచ్ఛమైన తగరాన్ని 13 డిగ్రీల కన్నా బాగా చల్లగా చాలాకాలం ఉంచితే అది మెల్లగా బూడిద తగరంగా మారుతుంది, ఉబ్బి పొడి పొడిగా రాలిపోతుంది కూడా, ఆ బూడిద తగరం విలువ మైనస్ 37. అవే పరమాణువులు, ఒక్కటి కూడా మారలేదు, అమరిక మారిందంతే. తెల్ల తగరంలో ఉమ్మడి ఎలక్ట్రాన్ల సముద్రం ఉంది, బూడిద తగరంలో వజ్రం లాంటి అమరిక, ప్రతి పరమాణువూ నాలుగు బంధాలు కట్టుకుని ఎలక్ట్రాన్లని ఆ బంధాల్లో జతలుగా పెట్టేసింది. "తగరం డయానా పారానా?" అని ఎవరైనా అడిగితే ఏ తగరం అని ఎదురు ప్రశ్న వేయాల్సిందే.

ఇక బిస్మత్. మోల్‌కి మైనస్ 280. పక్కనే ఉన్న సీసం మైనస్ 23. పరమాణు సంఖ్యలో తేడా ఒక్కటే, 82, 83, కోర్‌లు ఇంచుమించు ఒకే సైజు, కాబట్టి పన్నెండు రెట్ల తేడా కోర్ నుంచి రావడం అసాధ్యం. పైగా బిస్మత్‌ని 271 డిగ్రీల దగ్గర కరిగిస్తే ఈ డయా గుణం ఒక్కసారిగా పడిపోతుంది. పరమాణువులోనే ఉన్న గుణమైతే కరిగితే పోకూడదు కదా, అంటే ఇది స్ఫటికంలో ఎలక్ట్రాన్లు నడిచే తీరుకి సంబంధించింది. బిస్మత్ పూర్తి లోహం కాదు, సెమీమెటల్, స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు లక్ష పరమాణువులకి ఒకటి ఉంటుందేమో అంతే. కానీ ఆ ఉన్నవి కొన్ని దిశల్లో విపరీతమైన తేలిక, స్ఫటికంలో వాటి ప్రభావ ద్రవ్యరాశి, అంటే అక్కడ కదిలేటప్పుడు అవి ఉన్నట్టు కనిపించే బరువు, మామూలు ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిలో వందో వంతు కన్నా తక్కువ. తేలికైన ఎలక్ట్రాన్ క్షేత్రంలో తేలిగ్గా మెలి తిరుగుతుంది కాబట్టి లాండౌ ముక్క బాగా పెరుగుతుంది.

ఇక్కడితో ఆపేస్తే సగం కథే చెప్పినట్టు. బిస్మత్‌లో కొంచెం యాంటిమొనీ కలిపితే ఆ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కూడా మాయమై పదార్థం సెమీకండక్టర్ అవుతుంది, అప్పుడు డయా గుణం తగ్గాలి కదా, పెరుగుతుంది! తిరిగే ఎలక్ట్రాన్లే లేనప్పుడు మెలి తిరుగుతున్నది ఎవరు? జవాబు ఏంటంటే, బ్యాండ్ అంటే ఎలక్ట్రాన్లు ఉండగలిగే శక్తి స్థాయిల గుంపు, ఇక్కడ నిండిన బ్యాండ్‌కీ ఖాళీ బ్యాండ్‌కీ మధ్య ఎడం అతి తక్కువ, క్షేత్రం రాగానే ఆ రెండు బ్యాండ్‌ల స్థితులు ఒకదానిలో ఒకటి కలిసి, నిండిన బ్యాండ్‌లోని ఎలక్ట్రాన్లే మొత్తంగా ఎదురు తిరుగుతాయి. ఎడం ఎంత తక్కువైతే ఎదురు తిరగడం అంత గట్టిగా ఉంటుంది. గ్రాఫైట్‌లో కూడా ఇంచుమించు ఇదే, రెండు బ్యాండ్‌లు దాదాపు తాకుతూ ఉంటాయి, పొరలకి నిట్టనిలువుగా క్షేత్రం పెడితే పైరోలిటిక్ గ్రాఫైట్ (పొరలు ఒకదానిమీద ఒకటి చక్కగా పేర్చినట్టు తయారుచేసిన గ్రాఫైట్) ససెప్టిబిలిటీ మైనస్ 4 × 10⁻⁴, బిస్మత్‌ని దాటేసింది, అదే కార్బన్ వజ్రం రూపంలో దీనికి ఇరవయ్యో వంతు మాత్రమే. మొదట్లో చెప్పిన పెన్సిల్ లెడ్ కదిలిందీ ఇందుకే, లెడ్‌లో ఉన్న గ్రాఫైట్ వల్ల.

ఇంకో మాట చెప్పాలి. ఎలక్ట్రాన్ వృత్తంలో తిరుగుతుంటుంది, క్షేత్రం వస్తే లెంజ్ నియమం ప్రకారం ఎదురు కరెంట్ పుడుతుంది, అదే డయామాగ్నెటిజం అని సులువుగా చెప్తుంటారు. ఊహించుకోడానికి పనికొచ్చే బొమ్మే కానీ దాన్ని అక్షరాలా నమ్మితే కుదరదు. పాత క్లాసికల్ ఫిజిక్స్‌తో నిజాయితీగా మొత్తం లెక్క వేస్తే ఉష్ణ సమతాస్థితిలో అయస్కాంతత్వం సరిగ్గా సున్నా వస్తుంది, డయా లేదు పారా లేదు, బోర్ 1911లో తన థీసిస్‌లో, తర్వాత వాన్ ల్యూవెన్ 1919లో విడిగా ఇది నిరూపించారు. పరమాణువు ఒక నిర్ణీత సైజులో నిలబడి ఉండటమే క్వాంటమ్ సంగతి, లాంజెవిన్ లెక్క పనిచేసింది ఆ సైజుని ముందే ఉందనుకుని మొదలుపెట్టింది కాబట్టి.

రాగి గొట్టంలో మాగ్నెట్ వేస్తే నెమ్మదిగా దిగే ప్రయోగాన్ని కూడా డయామాగ్నెటిజం అని కొందరు వీడియోల్లో చెప్తారు, కాదు, అది ఎడ్డీ కరెంట్ల పని, అంటే కదిలే మాగ్నెట్ వల్ల లోహంలో పుట్టే సుడి కరెంట్లది, మాగ్నెట్ కదులుతున్నంతసేపే ఉంటుంది, పారామాగ్నెటిక్ అయిన అల్యూమినియం గొట్టంలోనూ అలాగే జరుగుతుంది. డయా గుణానికి కదలిక అక్కర్లేదు, మాగ్నెట్ కదలకుండా ఉన్నా నెడుతూనే ఉంటుంది. అలాగే మాగ్నెట్‌కి అంటుకోలేదు కాబట్టి అసలు బంగారమే అనుకోవడం కూడా తప్పు. టంగ్‌స్టన్ సాంద్రత బంగారంతో దాదాపు సమానం, అదీ మాగ్నెట్‌కి అంటుకోదు, అయితే బంగారం డయా, టంగ్‌స్టన్ పారా, ప్లస్ 53, సున్నితమైన తక్కెడ మీద పెట్టి కొలిస్తే ఒకటి నెట్టబడుతుంది ఇంకోటి లాగబడుతుంది, తేడా అక్కడ దొరుకుతుంది.

ఇంత చిన్న బలంతో వస్తువుల్ని గాల్లో నిలబెట్టారు కూడా. స్థిరమైన మాగ్నెట్లతో మాగ్నెట్‌ని గాల్లో నిలకడగా తేలించలేమని 1842లో ఎర్న్‌షా నిరూపించాడు, కానీ క్షేత్రం నుంచి తప్పుకునే పదార్థానికి ఆ అడ్డంకి లేదు. 1939లో బ్రాన్‌బెక్ బిస్మత్, గ్రాఫైట్ ముక్కల్ని తేలించాడు. 1997లో నెదర్లాండ్స్‌లోని నైమేఖెన్‌లో ఆండ్రే గైమ్ బృందం 16 టెస్లాల క్షేత్రంలో బతికున్న కప్పని తేలించింది, కప్ప ఒంట్లో ఎక్కువ భాగం నీరే కదా, ప్రతి అణువునీ విడివిడిగా పట్టి ఎత్తినట్టు ఉంటుంది ఆ బలం.

అన్నిటికన్నా గట్టి డయా గుణం సూపర్‌కండక్టర్లది, విలువ మైనస్ 1, క్షేత్రాన్ని లోపలికి రానివ్వకుండా పూర్తిగా బయటకి తోసేస్తాయి, 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ కనిపెట్టారు. ఇది పరమాణువుల్లో పుట్టే డయా కాదు, ఉపరితలం మీద ఆగకుండా పారే కరెంట్లది, కాబట్టి రెండిటినీ కలిపేయకూడదు. కానీ మూలకాల మాట వచ్చినప్పుడు ఇది చూడండి: గది ఉష్ణోగ్రత దగ్గర డయామాగ్నెటిక్ అయిన రాగి, వెండి, బంగారం మామూలు పీడనం దగ్గర ఎంత చల్లబరిచినా సూపర్‌కండక్టర్లు కావు, పారామాగ్నెటిక్ అయిన అల్యూమినియం మాత్రం 1.2 కెల్విన్ కిందకి దిగేసరికి అవుతుంది, అప్పటిదాకా క్షేత్రాన్ని కొంచెం లోపలికి లాక్కున్న లోహం ఒక్కసారిగా దాన్నంతటినీ బయటకి తోసేస్తుంది.